ఎదురింటి వాళ్ళనడగండి

నమోదు 1
వాన: లేదు.
గాలి: ఉంది, దుమ్ముతో సహా.
ఇతర విషయాలు:

ప్రతి ఊరికీ ఒక వానమాపిని, దాన్ని చూడ్డానికి ఒక మనిషిని పెట్టాలని మేఘమండలి నియమం. తంగేడుమిట్టలో ఆ మనిషిని నేను. పేరు హాసిని. మా రోజుల్లో అందరికీ ఇలాంటి పేర్లే పెట్టారు. ఎదురింటామె పేరు స్వీటీ. డెబ్బై దాటింది, ముందు పళ్ళు లేవు, అయినా స్వీటీయే. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కాబట్టి గాజు గొట్టంలో నీళ్ళు ఎంతున్నాయో చూడగలనని మునిసిపాలిటీ వారు నమ్మారు. ఇంతవరకు అందులో ఒక బల్లి, కొన్ని కందిరీగలు తప్ప ఏమీ పడలేదు.

"వాన" అనే గడిలో రోజూ ఒకటే మాట రాసి చెయ్యి విసిగింది. కింద "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. ఎంత రాసినా సాగుతుంది, ఎవరూ చదవరు. ఎవరూ చదవని చోట రాయడం నాకు కొత్త కాదు. జీవితమంతా పరీక్ష పేపర్ల అంచుల మీద ఎర్ర సిరాతో అదే పని చేశాను.

మా ఇంట్లో నీళ్ళ తొట్టి మూత మీద కూర్చుని రాస్తున్నాను. నా ఆసనం ఇదే. ఎవరు లెమ్మన్నా లేవను.

మబ్బుల సంగతి ముందు చెప్పాలి. మాకు మబ్బులు లేవని ఎవరూ జాలిపడనక్కరలేదు. సాయంత్రం కాగానే సముద్రం వైపు నుంచి ఒక మంద వస్తుంది, నల్లగా, పొదుగులు వేలాడేసుకుని. చుట్టూ డ్రోన్లు గొర్రెల కుక్కల్లా తిరుగుతుంటాయి. ఒక మబ్బు మా ఊరి మీద కాస్త నిలబడి ఆలోచిస్తే చాలు, ఒక కుక్క వెళ్ళి అదిలించి మందలో కలుపుతుంది. మా నెత్తి మీదుగా నడిచి, నిలువూరు వెళ్ళి అక్కడ కురుస్తాయి. నిలువూరంటే ఊరంతా ఒకే మేడ. పై అంతస్తు వాళ్ళకు మబ్బులు కిటికీ కింద కనిపిస్తాయట.

వానకు వంతులున్నాయి. ఏ మబ్బు ఎక్కడ కురవాలో మేఘమండలి చెబుతుంది. మూడేళ్ళుగా మా వంతు రాలేదు. ఊరికి ఒక్క లోతు బావి, ఒక్క కొళాయి. పొద్దున్నే వరసలో నిలబడితే ఇంటికొక బిందె.

ఇక మా మనవరాలు ఓబులమ్మ. ఇప్పటి పిల్లలకు పాత పేర్లు ఫ్యాషను. పందొమ్మిదేళ్ళు. ఇళ్ళ మీది తొట్లు కారకుండా మాట్లు వేసే పని చేస్తుంది, ఎండెక్కక ముందే ఏదో ఒక కప్పు మీద ఉంటుంది. మొన్నటి నుంచి మునిసిపల్ చైర్మన్ కూడా. ఆ పదవి ఎవరికీ వద్దు. నిఖిల్ మామ టీ అంగట్లో అందరూ కూర్చుని, నువ్వుండు అంటే నువ్వుండు అనుకుంటుంటే ఈమె టీలు తేవడానికి లోపలికి వెళ్ళింది. పళ్ళెంతో బయటికి వచ్చేసరికి చైర్మన్ అయిపోయింది. పళ్ళెం కింద పెట్టేలోపు చప్పట్లు కూడా పూర్తయ్యాయి.

పదవిలోకి రాగానే చేసిన మొదటి పని, మా వంతు ఎందుకు రావడం లేదని మండలిని అడగడం. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. ఈ రోజు జవాబు వచ్చింది. తొట్టి ముందు నిలబడి చదివి వినిపించింది.

"జేజీ, మనం తృప్తిగా ఉండామంట."

"ఎవరు చెప్పారు?"

"మనమే చెప్పినామంట."

ఏటా మండలి పంపే మాట్లాడే యంత్రం, పలకరింపు బండి, వచ్చి ఇంటింటినీ అడుగుతుంది కదా. ఏ ఇంటి నుంచీ ఇబ్బంది నమోదు కాలేదట. నీటి లభ్యత "సమృద్ధి" అని ఉందట. అవసరం లేని ఊరికి వంతెందుకు? ఈ ఏటి పలకరింపులో కూడా ఇదే తేలితే మా వంతును నిలువూరికి శాశ్వతంగా రాసేస్తారు. వంతు లేని ఊరికి పైపు, బడి, బస్సు ఉండవు. మమ్మల్నందరినీ తీసుకెళ్ళి నిలువూరులో తలా ఒక అంతస్తులో పెట్టి, ఊరిని మడిచేస్తారు. మడవడం అనేది వాళ్ళ మాటే. పెళ్ళయ్యాక చాపను మడిచినట్టు.

"సమృద్ధి అంట జేజీ, సమృద్ధి!" అంటూ ఓబులమ్మ గుమ్మాన్ని తన్నింది. గుమ్మానికి ఏమీ కాలేదు. చైర్మన్ గారి కాలి బొటనవేలికి పసుపు పెట్టాను.

నమోదు 2
వాన: లేదు.
ఇతర విషయాలు:

పోయినేటి జవాబులను ఓబులమ్మ మండలి నుంచి తెప్పించింది. టీ అంగట్లో బల్ల మీద పెట్టి వినిపించింది. ఊరంతా వచ్చింది. తమ గొంతు తాము వినడానికి ఎవరు రారు?

పలకరింపు బండిని మా ఊళ్ళో "అల్లుడు" అంటారు. ఏడాదికొకసారి వస్తుంది, ఇంటింటా కూర్చుంటుంది, అందరినీ అన్నీ అడుగుతుంది, ఏమీ చెయ్యదు. ఆ పేరు నేను పెట్టింది కాదు, కానీ నేను పెట్టి ఉంటే బాగుండేదనుకున్నాను.

మొదట నిఖిల్ మామ గొంతు. బండి ఎంతో మర్యాదగా అడుగుతోంది: "ఎలా ఉన్నారు? నీటికి ఏమైనా ఇబ్బందా?" ఈయన: "మాకేమి అబ్బయ్యా, దేవుడు చల్లగా చూస్తాండాడు. నువ్వే ఎండలో పడి వచ్చినావు. చిక్కినావు గదా!"

ఇనుప పెట్టెకు చిక్కడం ఏమిటని ఎవరూ అడగలేదు. అందరూ తలలూపారు, బాగానే అన్నాడన్నట్టు.

తర్వాత దర్జీ ఆయేషా: "ఇబ్బందేముందన్నా, కూర్చో. మజ్జిగ తాగుతావా?" వెనకాల చంటిపిల్ల దాహానికి ఏడుస్తున్న ఏడుపు కూడా ఆ రికార్డులో ఉంది. దాన్ని బండి "ఇంట్లో సందడి" అని రాసుకుంది.

ఇక స్వీటీ వదిన: "మాకా? మాకేం తక్కువ? అడిగేవానికి చెప్పేవాడు లోకువ. పో, పోయి లేనోళ్ళను అడుగు!"

నా గొంతు కూడా వచ్చింది. ఒక్కటే ముక్క: "పర్వాలేదు." నాది కనీసం క్లుప్తంగా ఉంది.

సమృద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేలింది. అతిథి గడప తొక్కితే కాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి కదా. బండికి కాళ్ళు లేకపోతే చక్రాలున్నాయి. ప్రతి ఇంటివాళ్ళూ చెంబుడు నీళ్ళతో వాటిని కడిగారు. బండి ఇలా రాసుకుంది: "ఈ ఊరివారు వాహనాలు కడగడానికి సైతం నీరు వాడుదురు."

ఓబులమ్మ బల్ల మీద చెయ్యి కొట్టింది. "మీకు నోరు లేదా? కొళాయి కాడ తిట్టుకునేటప్పుడు ఉంటాది గదా! అడిగినోనికి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఏమి?"

నిఖిల్ మామ నొచ్చుకున్నాడు. "ఇంటికొచ్చినోని ముందర ఏడుస్తామా పాపా? వాడేమనుకుంటాడు?"

"వాడు అనుకోడు మామా! వాడు మిషను!"

"మిషనైతే మాత్రం?" అన్నాడాయన. ఊరంతా ఆయన పక్షమే. ఈ ఊరిని మడవడం పెద్ద కష్టం కాదనిపించింది. ముందే మర్యాదగా మడతపెట్టి ఉంచుకున్నారు.

నమోదు 3
వాన: లేదు.
ఇతర విషయాలు:

ఇబ్బంది చెప్పుకోవడం నేర్పుతానని ఓబులమ్మ వారం నుంచి ఇంటింటికీ తిరుగుతోంది. నెత్తి మీద బకెట్టు బోర్లించుకుని తానే బండి అయింది. నేను చాలా తరగతులు చూశాను గానీ ఇంత పనికిమాలిన తరగతి చూడలేదు.

"ఎలా ఉన్నారు?" బకెట్టులోంచి గొంతు గంభీరంగా వస్తుంది.

"మాకేమ్మా, బాగుండాం," అంటుంది ఆయేషా.

"బాగలేము అని చెప్పల్ల!"

"బాగలేము." వెంటనే నోరు మూసుకుని, "అల్లా, అపశకునం మాట నా చేత పలికిస్తాండావు. నీకు బకెట్టులో ఉక్క పోయడం లేదా, తీసెయ్యి తల్లీ," అంటుంది.

నిఖిల్ మామ మాత్రం ధైర్యం చేశాడు. ఊపిరి పీల్చుకుని ఇబ్బందులు చెప్పడం మొదలుపెట్టాడు: టీ పొడి నాసిరకం, బెంచీ కాలు ఊగుతోంది, కొత్త చైర్మన్‌కు పెద్దలంటే గౌరవం లేదు. నీళ్ళ ఊసు లేదు. "నీళ్ళు మామా, నీళ్ళు!" అని బకెట్టు అరిస్తే, ఆ బకెట్టు ఎక్కడిదో ఆనవాలు పట్టి, "అది మా బకెట్టు గదా, యాడ దొరికింది?" అన్నాడు.

స్వీటీ వదిన ఇంటికి ఓబులమ్మ ఒక్కతే వెళ్ళింది. నేను వెళ్ళను. మా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె తన చూరుకు సౌరఫలకం ఒకటి బిగించింది, వీధి మీదికి చాచి. దాని నీడ రోజంతా నా గుమ్మం పక్కనున్న కరివేప మొక్క మీద పడుతుంది. మొక్కకు ఎండ ఎందుకు కావాలో ఆమెకు వివరంగా చెప్పాను. నా పాఠాలు కాలేజీతోనే అయిపోయాయని ఆమె వివరంగా చెప్పింది. అప్పటి నుంచి నాతో మాట్లాడదు, కరివేప మొక్కతో మాట్లాడుతుంది. నేనూ మొక్కకే జవాబిస్తాను. మొక్కకు చాలా సంగతులు తెలుసు.

ఈ రోజు ఆమె వీధి అవతల నుంచి మొక్కతో అంది: "చూడమ్మా కరివేపా, మనవరాలిని వీధుల్లో బకెట్టుతో తిప్పుతాండారు. చదువుకున్నోళ్ళ ఇల్లు!"

నేను మొక్కతో అన్నాను: "బకెట్టు ఖాళీగా ఉంది కాబట్టి నెత్తి మీదుంది. నిండుగా ఉంటే చేతిలో ఉండేది."

ఓబులమ్మ అలిసిపోయి వచ్చి గడప మీద కూర్చుంది. ముఖం మీద బకెట్టు అంచు గుర్తు గుండ్రంగా పడింది.

"జేజీ, రేపే వస్తాడు అల్లుడు. నువ్వొక్కదానివైనా నిజం చెప్పు. నీకు భయం లేదు గదా?"

"నాకేం భయం."

"మనకు నీళ్ళు చాలవు అని చెప్పు. చెప్తావా?"

"చూద్దాంలే."

"మూత మీంచి లేస్తే కొంచెం నీళ్ళు తాగుతా."

"కూజాలో ఉన్నాయి, తాగు," అన్నాను. లేవలేదు.

"ఈ ఊరు పోతే నాకు పని దొరకదని కాదు జేజీ," అంది నీళ్ళు తాగి. "నిలువూరులో తొట్లు ఇంగా పెద్దవి. ఆ ఊర్లో బకెట్టు చూసి ఇది మాదని గుర్తుపట్టే నిఖిల్ మామ ఉండడు గదా."

ఇలాంటి మాటలకు జవాబు చెబితే అలవాటవుతాయి.

నమోదు 4
వాన: లేదు.
ఇతర విషయాలు:

అల్లుడు వచ్చాడు. కొత్త రంగు వేయించుకున్నాడు.

జరగాల్సినట్టే జరిగింది. ఊరి మొదట్లోనే ఎవరో చక్రాలకు నీళ్ళు పోశారు. ఓబులమ్మ పరుగెత్తుకెళ్ళి చెంబు లాక్కుంది. రెండో ఇంటివాళ్ళు తడిగుడ్డతో బండి ముఖం తుడిచారు. మూడో ఇంట్లో విసనకర్రతో విసిరారు. "ఎలా ఉన్నారు?" అని అడిగిన ప్రతిచోటా "బాగుండాం, నువ్వెట్లుండావు?" అన్నారు. నిన్నటి దాకా బకెట్టుకు చెప్పిన పాఠం అసలు బండిని చూడగానే ఎగిరిపోయింది. ఆయేషా అయితే "బాగ..." దాకా వచ్చి, "...లే" అని ఆగి, ఓబులమ్మ కళ్ళలోకి చూసి, "బాగలేకేమి," అని ముగించింది.

మా వీధికి వచ్చేసరికి ఊళ్ళో సగం తృప్తిగా నమోదైపోయింది. ఓబులమ్మ బండికి అడ్డంగా నిలబడింది.

"వీళ్ళు చెప్పేది నిజం కాదు. కొట్టెయ్యి."

"ఒకరు తమ గురించి ఇచ్చిన జవాబును మరొకరు కొట్టివేయుటకు నిబంధన లేదు," అంది బండి. దాని తెలుగు ఎవరు నేర్పారో గానీ, పరీక్షలో మార్కులు పడే తెలుగు.

"నేను చైర్మన్ని!"

"అభినందనలు," అంది బండి, నా వైపు తిరిగింది. "హాసిని గారూ, ఎలా ఉన్నారు? నీటికి ఏమైనా ఇబ్బందా?"

ఓబులమ్మ నన్ను చూస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను. చెప్పాలనే ఉంది. వాక్యం కూడా సిద్ధంగా ఉంది, కర్త, కర్మ, క్రియతో సహా. కానీ ఎదురింటి గుమ్మంలో స్వీటీ వదిన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె వింటుండగా నాకు లేదని చెప్పడమా?

"పర్వాలేదు," అన్నాను.

ఓబులమ్మ భుజాలు కిందికి జారాయి. తిట్టినా బాగుండేది.

అప్పుడు వీధి అవతల నుంచి ఒక కేక.

"పర్వాలేదంట! విన్నావా కరివేపా? పర్వాలేదంట ఆమెకు! ఉత్త బిందె చంకన పెట్టుకొని నిండుదాని మాదిరి వంగి వంగి నడిచి వస్తాది పొద్దున్నే! వరసలో ఈమె వంతు వచ్చేలోపల కొళాయి నిలిచిపోతాది. అడిగితే నామోషీ! నిండు బిందె అయితే కొంగు తడవాల గదా? వారంలో ఎన్ని దినాలు ఈమె కొంగు తడిసిందో నన్నడుగు!"

వీధంతా నా కొంగు వైపు తిరిగింది. కరివేప మొక్క కూడా తిరిగినట్టే అనిపించింది.

ఇక్కడ శాస్త్రీయంగా ఒక మాట రాయాలి. నిండు బిందె చంకన ఉంటే మనిషి గురుత్వకేంద్రం ఎటు జరుగుతుందో, నడుము ఎంత వంచాలో లెక్కవేసే నడిచాను. ఆ భాగంలో తప్పు లేదు. కొంగు సంగతి పాఠ్యాంశంలో లేదు.

ఓబులమ్మ నన్ను చూసింది. ఇంట్లో తొట్టిని చూసింది, మూత మీద నా చాపను చూసింది. బండి వైపు తిరిగింది.

"తన గురించి చెప్పింది కొట్టెయ్యడానికి నిబంధన లేదు. సరే. ఎదురింటోళ్ళు కళ్ళారా చూసింది చెప్తే రాసుకోడానికి ఉందా?"

బండి కాసేపు లోపల్లోపల గిర్రుమంది. "పొరుగు సాక్ష్యం అనుమతించబడును. ఇంతవరకు ఏ ఊరూ వినియోగించలేదు."

"అయితే ఇంగ మీదట ఎవర్నీ వాళ్ళెట్లుండారని అడగొద్దు," అంది మా చైర్మన్. "ఎదురింటోళ్ళు ఎట్లుండారని అడుగు."

నమోదు 5
వాన: లేదు.
ఇతర విషయాలు:

మొదటి సాక్షి స్వీటీ వదిన. చెప్పిందంతా మళ్ళీ చెప్పింది, ఇంకొన్ని కలిపి. నా మోకాళ్ళ సంగతి, తలస్నానం సంగతి, ఎండలో వరసలో నిలబడి కళ్ళు తిరిగితే గోడను పరిశీలిస్తున్నట్టు నటించిన సంగతి. ఆమె నన్ను ఇంత శ్రద్ధగా గమనిస్తోందని నాకు తెలియదు. నా విద్యార్థులెవరూ ఇంత శ్రద్ధ చూపలేదు.

తర్వాత బండి నన్నడిగింది: "ఎదురింటి స్వీటీ గారు ఎలా ఉన్నారు?"

నేను చెప్పాను. ఎందుకు చెప్పను? సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని ఉత్త గిన్నెలో గరిటె తిప్పుతుందని చెప్పాను, వండుతోందని వీధి అనుకోవాలని. ఎసరుకు నీళ్ళు లేని రోజున గరిటె మరీ జోరుగా మోగుతుందని చెప్పాను. వండిన గిన్నెలో గరిటె చప్పుడు బరువుగా ఉంటుంది, ఖాళీ గిన్నెలో గణగణమంటుంది. ధ్వనిశాస్త్రం ఆమె చదవలేదు. "ఇంకొకటి రాసుకో," అన్నాను. "నా కరివేప మొక్కకు నేను నీళ్ళు పోయలేదు. మనవరాలు పోయలేదు. అయినా చావలేదు. తెల్లారేసరికి దాని మొదట్లో తడి ఉంటుంది, వీధికి అడ్డంగా చుక్కలు చుక్కలుగా ఆమె గుమ్మం దాకా. అన్నానికి లేని నీళ్ళు మొక్కకు ఎలా వచ్చాయో ఆమెనే అడుగు."

"ఎండకు మాడిపోతాంటే చూస్తా కూర్చుంటారా?" అంది స్వీటీ వదిన, మొక్కతోనే. "దానికి నీడ లేకుంటే ఎప్పుడో పోయుండు. చెప్తే వినేదెవరు?"

ఈ విషయంలో ఆమె చెప్పింది నిజమయ్యే అవకాశం ఉంది. నమోదు చేస్తున్నాను, ఒప్పుకోవడం లేదు.

ఇక వీధి ఆగలేదు. సొంత కష్టం చెప్పుకోవడానికి సిగ్గుతో చచ్చిపోయే మనుషులు ఎదురింటి కష్టం చెప్పమనేసరికి కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. వరస కట్టారు. వరసలో తోసుకున్నారు. "నా వంతు, నిఖిల్ మామ సంగతి నేను చెప్తా!" "నీకేం తెలుసు, ఆ గోడ మాది!" నిఖిల్ మామ వాడిన టీ పొడిని ఎండబెట్టి మళ్ళీ వాడేది, నీళ్ళు చాలక గ్లాసులు సగమే నింపి గిరాకీ తగ్గిందని అబద్ధమాడేది తేలింది. ఆయేషా చంటిదానికి తన వంతు నీళ్ళు పట్టి, తాను రోజంతా నోట్లో చింతగింజ పెట్టుకుని ఉమ్ము మింగుతుందని తేలింది. చెప్పింది నిఖిల్ మామే. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు, ఆ వెంటనే, "అయినా ఆ పిల్లకు బండెడు పొగరు, రాసుకో," అన్నాడు.

అన్నింటికంటే వింత ఒకటి. పొద్దున్న వరసలో చివరికి మిగిలే వాళ్ళందరూ ఖాళీ బిందెలతో వంగి నడిచేవాళ్ళేనట. ఒకరి కొంగు ఒకరు చూస్తూనే ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ అనలేదు. ఇంత పెద్ద నాటక సమాజం మరే ఊళ్ళోనూ ఉండదు, అందులో ప్రేక్షకుడు ఒక్కడూ లేడు.

బండి వేడెక్కి నీడకు జరపమంది. స్వీటీ వదిన ఫలకం కింద నిలబెట్టాం. చక్రాలకు ఎవరూ నీళ్ళు పోయలేదు. ఓబులమ్మ చెంబులన్నీ ముందే దాచింది.

ఇంటికి వచ్చాక "జేజీ, లెయ్," అంది ఓబులమ్మ.

లేచాను. మూత తీసింది. అడుగున మిగిలిన కాసిని నీళ్ళు చూసింది. మూత పెట్టి, నా చాప మళ్ళీ పరిచి, "కూర్చో," అంది. కొళాయికి ఇక మీదట తానే వెళ్తుందట. చైర్మన్ వరసలో నిలబడితే ఊరికి నామోషీ కదా అన్నాను. "నామోషీ గురించి నువ్వు చెప్పాల్నా," అంది.

నమోదు 6
వాన: లేదు.
ఇతర విషయాలు:

సాక్ష్యాలు చేరాయి. బండి ముఖం మీద ఒక మనిషి ముఖం వెలిగింది. మేఘమండలి సభ్యుడు, ఆర్యన్ గారు. నిలువూరులో చాలా పై అంతస్తు. ఆయన వెనక కిటికీలోంచి మబ్బుల వీపులు కనిపిస్తున్నాయి. బండిని టీ అంగడి బల్ల మీదికి ఎక్కించాం. ఊరంతా వెనకాల నిలబడింది.

"తంగేడుమిట్ట చైర్మన్ మీరేనా?" అన్నారు ఆయన, ఓబులమ్మ వెనక ఎవరైనా పెద్దవాళ్ళున్నారేమోనని వెతుకుతూ.

"నేనే సార్. టీ తేవడానికి పోయినప్పుడు చేసినారు."

"అన్నీ చదివానమ్మా. చాలా బాధేసింది. ఇన్ని కష్టాలు పడుతున్నారని మాకు తెలియనే తెలియదు." ఆయన గొంతు నిజంగానే మెత్తగా ఉంది. "ఇంత ఇబ్బందిలో మిమ్మల్ని అక్కడ ఉంచడం పాపం. వెంటనే ఇక్కడికి వచ్చేయండి. ఇంటింటికీ కొళాయి, చల్లటి గదులు. వచ్చే వారమే బళ్ళు పంపిస్తాను."

వెనకాల ఎవరో "ఆ?" అన్నారు. నిఖిల్ మామ నన్ను చూశాడు, నేను ఓబులమ్మను చూశాను. తృప్తిగా ఉన్నామంటే వంతు తీసేస్తారు. తృప్తిగా లేమంటే ఊరే తీసేస్తారు. తర్కంలో ఇలాంటి దానికి ఒక పేరుంది, కానీ పేరు తెలిసినంత మాత్రాన లాభం లేదు.

ఓబులమ్మ బల్ల అంచు పట్టుకుని ఆయన ముఖాన్ని, ఆ వెనక కిటికీని చూసింది.

"సార్, మీ ఎదురింట్లో ఎవరుంటారు?"

"ఎదురింట్లోనా? ఎదురుగా లిఫ్టుందమ్మా."

"పక్కింట్లో?"

"ఎవరో ఉన్నారు. చూడలేదు. ఎందుకు?"

"మీరెట్లుండారు సార్?"

"నేనా? బాగానే ఉన్నాను."

"అది మీరు చెప్పేది," అంది మా పిల్ల. "మా జేజి కూడా పర్వాలేదనే చెప్పింది. చూసి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉండారా సార్ మీకు?"

ఆయన నవ్వబోయి ఆగారు. కిటికీ వెనక ఒక మబ్బు పూర్తిగా దాటిపోయింది. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నారు. మా వీధిలో అయితే అది గుమ్మం దాటకముందే ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు. స్వీటీ వదిన నా పక్కనే నిలబడి, "పాపం, తిన్నాడో లేదో," అంది. చుట్టుపక్కల మొక్కేదీ లేదు. నాతోనే అని ఉండాలి.

"మాకు ఇక్కడ లేనిది ఒకటే సార్. నీళ్ళు," అంది ఓబులమ్మ. "అవి మీకాడ ఉండాయి. మా నెత్తి మీదనే వస్తాండాయి. మీరు ఆ డ్రోను కుక్కల్ని కొంచెంసేపు పక్కకు పిలిస్తే చాలు, పడతాయి. మీకాడ లేనిది మాకాడ ఉంది. అది బళ్ళలో ఎక్కించి అక్కడికి తేవడానికి అయితే మేమే తెస్తుంటిమి సార్. రాదు. ఎదురెదురు గుమ్మాలు ఉంటేనే అది ఉంటాది."

ఆయన చాలాసేపు కాగితాల్లో ఏదో వెతికారు. ఏం వెతికారో తెలియదు గానీ దొరకలేదు.

"మూడేళ్ళు అబద్ధం చెప్పారు మీ ఊరివాళ్ళు," అన్నారు చివరికి.

"అతిథికి చెప్పినారు సార్. మీకు కాదు."

"ఒక్క వంతు," అన్నారు ఆయన. "ఒక్కసారి. ఏడాది తర్వాత మళ్ళీ పలకరింపు. అప్పుడు చూద్దాం." వెళ్ళిపోబోతూ ఆగి, "ఏం, అలా చూస్తున్నారు?" అన్నారు.

"సార్, గుండీ," అంది స్వీటీ వదిన.

నమోదు 7
వాన:

పై గడి కాసేపు ఖాళీగా ఉంచుతున్నాను. అలవాటు తప్పింది.

సాయంత్రం మంద వచ్చింది. ఎప్పటిలాగే మా మీదికి వచ్చి నిలబడింది. కుక్కలు రాలేదు. కొంచెం దూరంలో వరసగా ఆగి, సెలవు దొరికిన పిల్లల్లా గాల్లో ఊగుతున్నాయి. మబ్బులకే నమ్మకం లేదు. కాసేపు అటూ ఇటూ చూశాయి. ఊరంతా వీధిలో ఉంది. నిఖిల్ మామ చేతిలో గ్లాసు నిండుగా ఉంది. మొదటి చుక్క అందులో పడితే ఆయన, "పాలు పలచనైపోయె," అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు, ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

ఓబులమ్మ ఒక కప్పు మీది నుంచి ఇంకో కప్పు మీదికి దూకుతూ తొట్ల మూతలు తీస్తోంది. తాను వేసిన మాట్లు కారుతున్నాయా లేదా అని ఒక్కో తొట్టి అడుగూ తడిమి చూసుకుంటోంది. ఒకటి కారుతోంది. అది మా కప్పు మీదిదే. చైర్మన్ ఇంటికి పక్షపాతం చూపలేదని మండలికి రాయవచ్చు.

స్వీటీ వదిన వీధి దాటి వచ్చింది. కొంగు పూర్తిగా తడిసింది. కరివేప మొక్క వైపు చూడలేదు.

"ఏమి వదినా, గొట్టం చూడవా? అది చూడ్డానికి గదా నిన్ను పెట్టింది. రాసుకో, ఎంత పడిందో!"

"చూస్తానులే. ముందు నీ ఫలకం మీంచి నీళ్ళు నా గుమ్మంలోకి కారుతున్నాయి, అది చూడు."

"కారనీ. నీ తొట్టి అడుగు నాకు తెలీదా. కారనీ."

గొట్టం దగ్గరికి వెళ్ళాను. బల్లి బయటికి వచ్చి అంచున కూర్చుంది. నీళ్ళు ఎంతున్నాయో వంగి చూశాను. కళ్ళద్దాల మీద వాన, గాజు మీద వాన. అంకె సరిగ్గా కనపడలేదు. పైగా మోకాళ్ళు. రాసి పెట్టాలి కదా, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. చాలా రోజుల నుంచి.

వాన: ఉంది. ఎంత అన్నది స్వీటీ వదినను అడగండి. నన్నడిగితే పర్వాలేదంటాను.